క్రూయిజ్ ప్రయాణానికి సామాను సర్దుకోవడం: ఓడ ఎక్కే పూట నుంచి దిగే పూట దాకా

ఓడ ప్రయాణంలో మీ పెద్ద పెట్టె మీ దగ్గర లేని సమయాలు రెండు వస్తాయి. ఎక్కే రోజున రేవు దగ్గర సామాను సిబ్బందికి అప్పగిస్తే, అది తనిఖీలు దాటుకుని మీ క్యాబిన్ గుమ్మం ముందుకు చేరేసరికి సాయంత్రమో, ఒక్కోసారి రాత్రి భోజనాల వేళో అవుతుంది. దిగే ముందు రాత్రి మళ్లీ పెట్టెలు కట్టి గుమ్మం బయట పెట్టాలి. అవి మరునాడు ఒడ్డు మీదే కనిపిస్తాయి. ఈ రెండు పూటల మధ్య సముద్రం మీద ఉన్నంతసేపూ, మరిచిపోయిన వస్తువు కోసం ఓడలోని ఒకటి రెండు దుకాణాల మీదే ఆధారపడాలి. అక్కడ రకాలు తక్కువ, ధరలు ఎక్కువ. అందువల్ల ఈ మార్గదర్శిని ప్రయాణం సాగే క్రమంలోనే రాశాను. ఏ వస్తువు ఏ పూట చేతికి అందాలో తెలిస్తే, దాన్ని ఏ సంచిలో పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

మొదటి అడుగు: తీసుకెళ్లకూడనివి ముందే పక్కన పెట్టడం

పెట్టె తెరవకముందే మీ ఓడ సంస్థ ప్రకటించిన నిషేధిత వస్తువుల జాబితాను పూర్తిగా చదవండి. సముద్రం మధ్యలో నిప్పంటుకోవడం కన్నా ఓడకు పెద్ద ప్రమాదం లేదు కనుక, వేడి పుట్టించే వస్తువుల విషయంలో దాదాపు అన్ని సంస్థలూ ఖచ్చితంగా ఉంటాయి. ఇస్త్రీపెట్టె, బట్టల స్టీమర్, నీళ్లు మరిగించే కెటిల్, కొవ్వొత్తులు, అగరుబత్తులు తనిఖీలో దొరికితే తీసేసుకుని, ప్రయాణం చివర తిరిగి ఇస్తారు. అలా ఆగిన పెట్టె క్యాబిన్‌కు చేరడం కూడా ఆలస్యమవుతుంది. డ్రోన్లను చాలా ఓడల్లో అనుమతించరు.

ఎక్కువమందికి తెలియక దొరికిపోయే వస్తువు ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులోనూ సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగినప్పుడు పరికరాలను కాపాడే భాగం) ఉన్నది. ఇంట్లో ఏళ్ల తరబడి రక్షణగా వాడిన వస్తువును ఓడలో ఎందుకు వద్దంటారో తెలుసుకోవడం మంచిది. నేల మీద భవనాల్లో న్యూట్రల్ తీగను ఎర్తుకు కలుపుతారు. చాలా ఓడల్లో మాత్రం, ఒకచోట లోపం వచ్చినంత మాత్రాన సరఫరా ఆగిపోకుండా, విద్యుత్ తీగలను ఓడ లోహపు శరీరానికి కలపకుండా విడిగా ఉంచుతారు. సర్జ్ ప్రొటెక్టర్ లోపలి భాగాలు తీగకూ ఎర్తుకూ మధ్య అమర్చి ఉంటాయి. నేల మీది ఏర్పాటును లెక్కలోకి తీసుకుని తయారైనవి కాబట్టి, ఓడలో లోపం తలెత్తితే అవి వేడెక్కి అంటుకునే అవకాశం ఉంది. కొన్ని సంస్థలు ఇప్పుడు సర్జ్ ప్రొటెక్టర్ లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులను కూడా అనుమతించడం లేదు. వాటికి బదులు నాలుగైదు పోర్టులున్న యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి పెట్టుకోండి. క్యాబిన్‌లో ప్లగ్ పాయింట్లు తక్కువ కాబట్టి ఇద్దరి ఫోన్లకూ కెమెరాకూ అదొక్కటే సరిపోతుంది. చాలా ఓడల్లో 110 వోల్టుల చదును పిన్నుల సాకెట్లూ, 220 వోల్టుల గుండ్రటి పిన్నుల సాకెట్లూ రెండూ ఉంటాయి. మీ ఛార్జర్ మీద 100-240 అని రాసి ఉంటే, పిన్నులు సరిపడే చిన్న అడాప్టర్ ఉంటే చాలు.

బట్టల్లో కూడా ఒక నిషేధం ఉంది. సైనికుల దుస్తుల్లా మచ్చలున్న బట్టలను సాధారణ పౌరులు వేసుకోవడం బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ వంటి కరీబియన్ దేశాల్లో చట్టవిరుద్ధం. పిల్లల టోపీలు, సంచుల మీద కూడా అలాంటి రంగులు లేకుండా చూసుకోండి.

రెండవ అడుగు: కాగితాలు

పాస్‌పోర్టు గడువు ప్రయాణం ముగిసిన తరువాత కనీసం 6 నెలలు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. ఓడ ఆగే ప్రతి దేశం వీసా నియమాన్నీ విడివిడిగా చూడాలి. ఓడ ఒక దేశం నుంచి బయలుదేరి, ఇతర దేశాలు చుట్టి, మళ్లీ అదే దేశానికి వస్తుంటే, ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే చెల్లే వీసా సరిపోకపోవచ్చు. టికెట్టు మీది పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

పాస్‌పోర్టు, వీసా, బీమా పత్రాలకు రెండేసి నకళ్లు తీసి, ఒకటి చేతిసంచిలో, మరొకటి పెద్ద పెట్టెలో ఉంచండి; ఫోనులో కూడా ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా దాచుకోండి. కొన్ని ప్రయాణాల్లో రేవుల దగ్గర అధికారిక పనుల కోసం ఓడ సిబ్బంది పాస్‌పోర్టులను తమ దగ్గరే ఉంచుకుంటారు. అప్పుడు ఒడ్డు మీద మీ చేతిలో ఉండేది ఆ నకలే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఓడలోని వైద్యానికీ, అవసరమైతే ఓడ నుంచి ఆసుపత్రికి తరలించడానికీ అది వర్తిస్తుందో లేదో చదివి చూడండి. ఓడలో వైద్యుడు ఉంటాడు గానీ ఆ వైద్యం ఉచితం కాదు, హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే అయ్యే ఖర్చు చాలా కుటుంబాలు తట్టుకోలేనిది. పాలసీ సంఖ్యనూ, అత్యవసర ఫోన్ నంబరునూ కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

సంస్థ పంపే లగేజీ ట్యాగులను ముద్రించుకునేది మామూలు కాగితం మీదే కాబట్టి, వందల పెట్టెల మధ్య ఒరిపిడికి అవి చిరిగిపోతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పిడికి గట్టిగా బిగించండి. పేరు, ఓడ పేరు, క్యాబిన్ నంబరు రాసిన చీటీ ఒకటి పెట్టె లోపల బట్టల మీద ఉంచితే, పైది ఊడిపోయినా పెట్టె దారి తప్పదు.

మూడవ అడుగు: మొదటి రోజు చేతిసంచి

పెద్ద పెట్టె కన్నా ముందు సర్దాల్సింది ఈ సంచినే. నా మొదటి ప్రయాణంలో ఎదురు క్యాబిన్‌లో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. మధ్యాహ్నం రెండున్నరకు క్యాబిన్ తాళం తెరిచిన దగ్గర నుంచి ఆవిడ ప్రతి పావుగంటకూ తలుపు తీసి, సన్నటి నడవాకు రెండు వైపులా చూసి, మళ్లీ వేసుకోవడం నేను గమనించాను. సాయంత్రం అడిగితే తెలిసింది, ఆయన ఇన్సులిన్ పెద్ద పెట్టెలో ఉండిపోయిందని. సిబ్బందికి చెబితే వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. ఏడు దాటాక ఒక కుర్రాడు ఆ నీలం పెట్టెను భుజాన మోసుకుంటూ దాదాపు పరుగున వచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే నేల మీద కూర్చుని జిప్పు లాగింది. ఆ జిప్పు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. సామాను సర్దుకోవడం గురించి ఎవరు అడిగినా, ముందుగా మందులు చేతిసంచిలో పెట్టుకోమని చెప్పడానికి కారణం అదే.

కాబట్టి పాస్‌పోర్టులు, ప్రయాణ పత్రాలు, అన్ని మందులు, కళ్లజోడు, నగలు, డబ్బు, ఛార్జర్లు, కెమెరా ఈ సంచిలోనే ఉండాలి. వీటితో పాటు ఒక జత బట్టలు, ఈత దుస్తులు, చెప్పులు, సన్‌స్క్రీన్ కూడా పెట్టుకుంటే, పెట్టె కోసం ఎదురుచూడకుండా ఆ మధ్యాహ్నమే ఈతకొలను దగ్గరికి వెళ్లవచ్చు. పిల్లలున్నవారు డైపర్లు, పాలసీసా, పక్కన లేకపోతే వాళ్లు నిద్రపోని బొమ్మ మరవకూడదు.

రేవుకు విమానంలో చేరేవారు పవర్ బ్యాంకును కూడా ఈ సంచిలోనే పెట్టాలి, ఎందుకంటే విడి లిథియం బ్యాటరీలను విమానంలో అప్పగించే సామానులో అనుమతించరు. పరిమితి 100 వాట్-అవర్లు. పవర్ బ్యాంకు మీద రాసి ఉండే మిల్లీ ఆంపియర్-అవర్లను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. ఆ లెక్కన 20,000 సామర్థ్యమున్నది 74 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది లేదు; 27,000 దగ్గర పరిమితి వచ్చేస్తుంది.

లైఫ్ జాకెట్లు తెచ్చుకోవాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. పిల్లల కొలతలతో సహా వాటిని ఓడే ఇస్తుంది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాళ్లకు తగిలి 32 మంది చనిపోయిన తరువాత అంతర్జాతీయ నిబంధనలు మారాయి. అత్యవసర కసరత్తును ఓడ బయలుదేరక ముందు గానీ బయలుదేరిన వెంటనే గానీ జరపాలి. పెట్టె వచ్చిందా లేదా అన్న ఆలోచనలో దాన్ని పరధ్యానంగా వినకండి. క్యాబిన్ నుంచి, ప్రమాద సమయంలో మీరు చేరాల్సిన సమావేశ స్థలానికి ఒకసారి నడిచి చూసుకోండి.

నాలుగవ అడుగు: మందుల పొట్లం

రోజూ వాడే మందులను ప్రయాణం రోజులకు మరో మూడు నాలుగు రోజులవి కలిపి తీసుకెళ్లండి. తుఫాను వల్ల ఓడ దారి మళ్లినా, తిరుగు విమానం ఆగినా అవి ఆదుకుంటాయి. మందులు అసలు పెట్టెలతోనే ఉండాలి, వెంట వైద్యుడి చీటీ ఉండాలి, అందులో మందు అసలు పేరు కూడా ఉండాలి.

ఓడ ఊగినప్పుడు వచ్చే వికారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. లోపలి చెవి శరీరం కదులుతోందని చెబుతుంది. క్యాబిన్ గోడల మధ్య కళ్లు అంతా నిలకడగా ఉందని చెబుతాయి. ఈ రెండూ పొసగక కడుపులో తిప్పడం మొదలవుతుంది. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ వంటి మాత్రలు వికారం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయవు, కనీసం గంట ముందు వేసుకోవాలి. వీటితో మగత వస్తుంది. మెక్లిజిన్‌తో కాస్త తక్కువ. స్కోపోలమైన్ పట్టీని చెవి వెనక, అవసరం పడడానికి కనీసం నాలుగు గంటల ముందు అంటించుకోవాలి. ఒకటి మూడు రోజులు పనిచేస్తుంది. దాన్ని ముట్టుకున్న చేతితో కన్ను నలుపుకుంటే కంటిపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది కనుక, అంటించిన వెంటనే చేతులు కడుక్కోండి. కొన్ని రకాల గ్లాకోమా (నీటికాసులు అనే కంటి జబ్బు) ఉన్నవారికి ఇది పనికిరాదు, పిల్లలకు వాడరు. ఈ మందుల్లో ఏది మీకు సరిపడుతుందో బయలుదేరడానికి ముందే వైద్యుడిని అడిగి, ఇంట్లోనే ఒకసారి వాడి చూడడం మంచిది. అల్లం బిళ్లలు కొందరికి ఉపశమనం ఇస్తాయి. ఊపు మొదలైతే ఓడ మధ్యభాగంలో కింది డెక్ మీదికి వెళ్లి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ ఉండండి. ఆ సమయంలో ఫోను చూడడం, పుస్తకం చదవడం వికారాన్ని పెంచుతాయి.

ఓడల్లో త్వరగా పాకే జబ్బు నోరోవైరస్. వాంతులు, విరేచనాలు తెస్తుంది. ఆల్కహాల్ శానిటైజర్ దీని మీద సరిగ్గా పనిచేయదు, సబ్బూ నీళ్లే పనిచేస్తాయి. అందుకని శానిటైజర్ సీసాతో సరిపెట్టుకోకుండా, పలచని రేకుల్లా దొరికే కాగితపు సబ్బు చిన్న డబ్బా ఒకటి జేబులో ఉంచుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు, థర్మామీటరు, కాలి బొబ్బలకు పట్టీలు కూడా ఉంటే, చిన్న విషయాలకు ఓడ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన పని తప్పుతుంది.

ఐదవ అడుగు: బట్టలు

ఎక్కువ బరువు పెరిగేది ఇక్కడే. ఎటు వెళ్లినా ఒక పలచని స్వెట్టరు లేదా శాలువా తప్పదు. బయట ఎంత ఎండగా ఉన్నా భోజనశాలలో, నాటకశాలలో ఏసీ చలి వణికిస్తుంది. రాత్రిపూట పై డెక్ మీద ఓడ వేగానికి గాలి జోరుగా ఉంటుంది. అలాస్కా, నార్వే వైపు వెళ్లేవారు బరువైన కోటు ఒకటి మోసుకెళ్లే కన్నా, ఒకదాని మీద ఒకటి వేసుకునే పొరలూ, పైన నీరు దిగని జాకెట్టూ పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ వాన, ఎండ, మంచుగాలి ఒకే రోజులో వస్తాయి. అటు వెళ్లేవారికి బైనాక్యులర్ కూడా చాలా ఉపయోగం. ఊగే డెక్ మీద చేయి నిలవదు కాబట్టి 7 లేదా 8 రెట్లు పెంచేది చాలు; అంతకు మించితే దృశ్యం అదురుతుంది. మధ్యధరా ప్రాంతంలో వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా వంటి చోట్ల భుజాలు, మోకాళ్లు కప్పి ఉంటేనే లోపలికి పంపుతారు.

ఏడు రాత్రుల ప్రయాణంలో సాధారణంగా ఒకటో రెండో రాత్రులు కాస్త లాంఛనమైన దుస్తులు అడుగుతారు. ఒకే మంచి జత, వేర్వేరు పై వస్త్రాలతో, రెండు రాత్రులకూ సరిపోతుంది. ఇస్త్రీపెట్టె తేకూడదు కనుక నలగని బట్టను ఎంచుకోండి. పాదరక్షలు మూడు జతలు చాలు: నడకకు బాగా అలవాటు పడినవి, తడిసినా ఫర్వాలేనివి, విందుకు వేసుకునేవి. కొత్త బూట్లతో రేవు పట్టణాల రాతి వీధుల్లోకి దిగకండి. రోజుకో జత లెక్కన కాకుండా నాలుగైదు రోజులకు సరిపడా తీసుకుని, బట్టలు ఉతికే సబ్బు రేకులు కొన్ని పెట్టుకుంటే, స్నానాల గదిలో ఉండే సాగదీసే తాడు మీద లోదుస్తులు రాత్రికి రాత్రి ఆరతాయి. బాల్కనీ కమ్మీల మీద మాత్రం ఏదీ ఆరవేయకండి. గాలికి ఎగిరిపోతాయి, ఓడ నియమాలు కూడా ఒప్పుకోవు.

తువ్వాళ్లు ఓడే ఇస్తుంది, ఈతకొలను దగ్గర కూడా. హెయిర్ డ్రయ్యర్ చాలా క్యాబిన్లలో ఉంటుంది. ఈ రెండూ తీసేస్తేనే పెట్టెలో చాలా చోటు మిగులుతుంది.

ఆరవ అడుగు: క్యాబిన్‌లో పనికొచ్చే చిన్న వస్తువులు

మామూలు క్యాబిన్ చిన్న గదే. కానీ దాని గోడలు, తలుపు చాలా ఓడల్లో ఉక్కుతో చేసినవి, పైన కనిపించేది పలచని పూత మాత్రమే. అందుకే క్యాబిన్ సామానులో నేను మొదటి స్థానం ఇచ్చేది అయస్కాంతపు కొక్కేలకు. అరడజను చిన్న కొక్కేలుంటే టోపీలు, తడి ఈత దుస్తులు, ఓడ ఇచ్చే కార్డును మెడలో వేసుకునే తాళ్లు, రోజువారీ కార్యక్రమాల కాగితం అన్నీ గోడకెక్కుతాయి, ఉన్న ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. అంటించే టేపు, మేకులు వాడకూడదు. సబ్బులు, మందులు, కళ్లజోళ్లు జేబుల్లో అమర్చుకునే వేలాడే సంచిని స్నానాల గది తలుపుకు తగిలిస్తే, ఇరుకు అరల మీద వెతుకులాట ఉండదు. ఖాళీ పెట్టెలను మంచం కిందికి తోసేయండి. చాలా ఓడల్లో మంచాలు అందుకు సరిపడేంత ఎత్తులో ఉంటాయి.

కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్నవారికి బ్యాటరీతో వెలిగే చిన్న రాత్రి దీపం తప్పనిసరి. దీపాలు ఆర్పాక అక్కడ మన చేయి మనకు కనిపించదు, స్నానాల గది గడప దగ్గర మెట్టు కూడా ఉంటుంది. తెల్లవారిందో లేదో కూడా తెలియదు కాబట్టి చిన్న అలారం గడియారం కూడా పనికొస్తుంది.

ఏడవ అడుగు: రేవులో దిగే రోజు సంచి

ఒడ్డుకు దిగేటప్పుడు మడిచి పెట్టుకునే తేలికపాటి వీపుసంచి ఒకటి సరిపోతుంది. అందులో అన్నిటికన్నా విలువైనది చేతి గడియారమని నా నమ్మకం. ఓడ సమయమూ ఒడ్డు మీది సమయమూ ఒకటి కాకపోవచ్చు. ఫోను స్థానిక నెట్‌వర్కు అందగానే తనంతట తాను సమయం మార్చుకుంటుంది, ఓడ మాత్రం తన సమయం ప్రకారమే బయలుదేరుతుంది. ఫోనుతో సంబంధం లేని గడియారాన్ని ఓడ సమయానికి సరిచేసి పెట్టుకోండి. సొంతంగా తిరగడానికి వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ వేచి ఉండదు. కార్యక్రమాల కాగితం మీద రేవులోని ఓడ ప్రతినిధి ఫోన్ నంబరు ఉంటుంది, దిగే ముందు దాన్ని ఫొటో తీసి ఉంచండి. ఓడ కదిలాక ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో లేకపోతే, ఓడలోని శాటిలైట్ నెట్‌వర్కుకు కలిసి భారీ బిల్లు తెస్తుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకు మించి గానీ ఉండాలి. పెద్దవారి ఒంటికి ఒకసారి పూయడానికి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చాక మరోసారి పూయాలి. ఆ లెక్కన ఇద్దరికి చిన్న ట్యూబు రెండు రోజులు కూడా రాదు. పగడపు దిబ్బలకు హాని అన్న కారణంతో హవాయి రాష్ట్రం 2021 జనవరి నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని ఆపింది. ఆ రెండూ లేకుండా జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కుంటే చాలా చోట్ల వాడవచ్చు. ఫోనుకు నీళ్లు దిగని తొడుగు, అంచు వెడల్పైన టోపీ, నీళ్ల సీసా, స్థానిక నగదులో చిన్న నోట్లు కూడా సంచిలో పెట్టుకోండి. ఓడలో ఖర్చంతా ఓడ ఇచ్చిన కార్డు మీదే సాగుతుంది గానీ, ఒడ్డు మీద టాక్సీకి చిల్లర అవసరం పడుతుంది. ఓడలోని పండ్లు, వండిన ఆహారం ఒడ్డుకు తీసుకెళ్లడం చాలా దేశాల్లో నిషేధం, జరిమానా కూడా వేస్తారు.

ఎనిమిదవ అడుగు: చివరి రాత్రి

సిబ్బంది ఇచ్చే రంగు ట్యాగు కట్టి, చెప్పిన సమయానికల్లా పెట్టెలు గుమ్మం బయట పెట్టాలి. రాత్రే తీసుకెళ్లి, తెల్లవారాక ఒడ్డు మీద రంగుల వారీగా వరుసల్లో పేరుస్తారు. ఆ హడావిడిలో మరునాటి ఉదయపు బట్టలను, బూట్లను కూడా పెట్టెలో పెట్టి పంపేసేవారు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు. ఒక ఉదయం మా నడవాలో ఒక తండ్రి, నిద్రమత్తులో ఉన్న పాపను ఎత్తుకుని, రాత్రి దుస్తులతో, స్నానాల గది చెప్పులతో దిగడానికి వరుసలో నిలబడ్డాడు.

అందుకే ఆ సాయంత్రం పెట్టె మూసే ముందు, మొదటి రోజు వాడిన చేతిసంచినే మళ్లీ తీసి, అందులో పాస్‌పోర్టులు, రాత్రికీ ఉదయానికీ వేసుకోవాల్సిన మందులు, ఛార్జర్లు, పళ్లు తోముకునే బ్రష్షు, విలువైన వస్తువులు పెట్టండి. మరునాటి బట్టలు ఒక్కొక్కరివీ విడివిడిగా, లోదుస్తులూ సాక్సులతో సహా, మంచం మీద పరిచి చూడండి. బూట్లు మంచం కింద వరుసగా పెట్టండి. ఆ తరువాత గోడల మీది అయస్కాంతపు కొక్కేలను, తలుపు వెనక సంచిని, ప్లగ్గులోని అడాప్టర్‌ను, లాకర్‌ను చూసుకుని, అప్పుడు పెట్టెను గుమ్మం బయటికి జరపండి.